వినని ఊఁ

మానేస్తానన్నానా, నేనా, ఎప్పుడన్నానబ్బా, అనుకుంటూ మేస్త్రీ ఆ ఎత్తుమంచం మీద వెల్లకిలా పడుకుని గది కప్పుకేసి చూస్తున్నాడు. నర్సు వెళ్లి రెండు నిమిషాలు కూడా కాలేదు. పాపం ఆ పిల్ల తప్పేం లేదు, చేతిలో కాగితం పెట్టుకుని వరసగా చదువుకుంటూ పోయింది, వయసు యాభై మూడు, ఎడమ మోకాలు, పడని మందులేమన్నా ఉన్నాయా, పొద్దున్నుంచి ఏమన్నా తిన్నారా, అన్నిటికీ అతను బుద్ధిగా జవాబు చెప్పాడు, ఆఖర్న అదే గొంతుతో, అదే వేగంతో, "మోకాళ్ల మీద కూర్చుని చేసే పని ఇకమీదట పూర్తిగా మానేస్తానని ఒప్పుకున్నారు, అంతే కదా బాబాయ్‌గారూ," అంది. అంతే కదా అని అడిగిందే గానీ జవాబు కోసం ఆగలేదు. మీ మూలుగ పక్కగదిలో మిషన్లో తిరుగుతోంది, ఇంకో ముప్పావుగంట పడుతుంది, తర్వాత డాక్టరమ్మ వచ్చి మోకాల్లో వేసేస్తారు, అటూఇటూ కదలకండి, అని తలుపు దగ్గరికి లాక్కుని చక్కా పోయింది. అతను నోరు తెరిచేసరికి గదిలో ఎవరూ లేరు.

మూలుగ. ఎముకలో ఉండేది మూలుగ, దాన్ని లాగుతుంటే మనిషి మూలిగేది మూలుగు, ఈ రెంటికీ చుట్టరికం ఉందో లేదో గానీ ఇందాక బోర్లా పడుకోబెట్టి తుంటి ఎముకలోకి సూది దించినప్పుడు మాత్రం రెండూ కలిసే బయటికొచ్చాయి. మత్తిచ్చాం అన్నారు, ఇచ్చారు, కాదన్నదెవరు, పైన తోలు మొద్దుబారింది, కానీ లోపల ఎముక నడిమధ్య నుంచి ఎవరో గొట్టం పెట్టి పీల్చినట్టు ఒక లాగుడు, అది నొప్పి కూడా కాదు, దానికో పేరు లేదు. అందులో మూలకణాలుంటాయట. డాక్టరమ్మ మొదటిసారి ఆ మాటన్నప్పుడు మూల అన్నదొక్కటే చెవిన పడింది. మూలంటే నేలకి పలకలు పరిచే మేస్త్రీకి తెలియనిదా, గదికి నాలుగు మూలలు, నాలుగూ సరిగ్గా కుదిరిన గది ఇంతవరకూ కంటపడలేదు, చంకలో మూలమట్టం లేకుండా పనిలోకి దిగిందీ లేదు, ఆ పిచ్చి చూసే తోటి పనివాళ్లు అతనికి మూలమట్టం అని పేరు పెట్టి, ముందు చాటుగా, తర్వాత ఎదురుగానే పిలవడం మొదలెట్టారు. అందుకని అతను ఎముకలో మూలల్లో నక్కి కూర్చున్న కణాలు కాబోలు అనుకున్నాడు. ఆ మూల కాదు బాబాయ్, మొదలు అనే మూలం, అని నర్సు తర్వాత నవ్వుతూ చెప్పింది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది, బుర్రలో అవి మూలల్లోనే కూర్చున్నాయి, మోకాళ్లు ముడుచుకుని, ఏ పనీ లేకుండా, ఎవరన్నా పిలుస్తారేమోనని చూస్తూ. మూలన పడటం అనే మాటొకటుంది. ఆ మాట తలుచుకోగానే తుంటి మళ్లీ సలిపింది.

మానేస్తానన్నానా. సరే, నిదానంగా వెనక్కెళ్లి చూద్దాం, అనుకున్నాడు. ఈ ఆసుపత్రికొచ్చింది మూడుసార్లు. మొదటిసారి ఫొటో తీశారు, మోకాలి గుజ్జు అరిగిపోయింది, ఒకచోట బొటనవేలి గోరంత మేర అసలు లేదు, ఎముక బయటపడింది అన్నారు. రెండోసారి ఈ వైద్యం సంగతి చెప్పారు. మూడోసారి ఇవాళ. అంటే ఆ మాటేదో రెండోసారే జరిగి ఉండాలి. ఆ రోజు డాక్టరమ్మ గదిలో బల్లకి ఇవతల ఇద్దరూ కూర్చున్నారు, అతనూ, పక్కన భార్యా. డాక్టరమ్మ మంచిది, వేలితో బల్ల మీద బొమ్మ గీస్తూ అరగంటసేపు ఓపిగ్గా చెప్పింది. చెప్పింది, అది గుర్తుంది, డాక్టరమ్మ గాజుల్లేని చెయ్యి బల్ల మీద గుండ్రంగా తిరగడం గుర్తుంది. ఏం చెప్పిందో గుర్తులేదు. ఎందుకు గుర్తులేదంటే, ఇప్పుడు తెలుస్తోంది, అతను ఆ అరగంటా నేలకేసి చూస్తున్నాడు. ఆ గది నేల వేసినవాడెవడో గాని నడిమధ్య నుంచి దారం కట్టకుండా గుమ్మం నుంచే మొదలెట్టేశాడు, దాంతో అటు గోడ దగ్గరికొచ్చేసరికి నాలుగు వేళ్ల ముక్క మిగిలింది, కిటికీ వైపు రెండు వేళ్లే, ఆ రెండు వేళ్ల ముక్కని కోయలేక సిమెంటు పూసి పైన రంగేశాడు దొంగ. అదిచాలక డాక్టరమ్మ కుర్చీ ముందు కాలి కింద పలక డొల్ల. అతను బల్ల కింద నుంచి కాలు చాపి చెప్పు మడమతో మెల్లిగా తట్టి చూశాడు కూడా, టక్కుమనాల్సింది డుబ్బుమంది. డాక్టరమ్మ ఇంకాస్త బరువుగా ముందుకి వాలితే ఆ పలక ఇవాళో రేపో చిట్లుతుంది, చెబుదామా వద్దా, చెబితే ఏమనుకుంటుందో, మనం వచ్చిందెందుకు మాట్లాడేదేంటి, అని కొట్టుమిట్టాడుతుంటే డాక్టరమ్మ తలెత్తి అతనికేసి చూసింది. కనుబొమలెత్తి చూసింది. ఏదో అడిగినట్టుంది.

అప్పుడు అన్నాడు. ఊఁ అన్నాడు.

ఊఁ అంటే ఒప్పుకున్నట్టా? ఎక్కడైనా ఉందా అలాగ? ఎదుటిమనిషి ఏదన్నా చెబుతుంటే ఊఁ కొట్టకుండా బిగుసుకుని కూర్చోవడం పద్ధతి కాదు కదా, చెప్పేవాళ్లకి వింటున్నారన్న ధైర్యముండాలని కొడతాం, దాన్ని పట్టుకుని ఒప్పుకున్నారు అని కాగితం మీద రాసుకుంటారా ఎవరన్నా? ఆ లెక్కన అతను పుట్టి బుద్ధెరిగాక ఒప్పుకున్నవన్నీ పోగేస్తే కాగితాలు చాలవు. అసలతనికి మాట తక్కువ, ఊఁ ఎక్కువ, ఈ సంగతి ఇంట్లో ఆవిడ పెళ్లయిన వారానికే కనిపెట్టేసింది. కనిపెట్టడమే కాదు, రకాలు విడగొట్టింది. విన్న ఊఁ పొట్టిగా ఉంటుందట. వినని ఊఁ కాస్త సాగి చివర్న ముక్కులోకి పోతుందట. సరేనన్న ఊఁకి తల కూడా ఊగుతుందట. నీ ఇష్టమొచ్చినట్టు చావు అన్న ఊఁకి తల ఊగదు, మీసం ఒక్కటే కదులుతుందట. ఇవి కాక పని దగ్గర దారం బిగించి చూసుకునేటప్పుడు ఒకటొస్తుందట, అది మనుషులకి కాదట, దారానికట. కుట్టుమిషను తొక్కుకుంటూ, అటు తిరిగి ఉండి, మొహం చూడకుండానే చెప్పేస్తుంది, "అది వినని ఊఁ, మళ్లీ చెబుతున్నా విను," అని. ఇరవయ్యారేళ్లలో ఒక్కసారి పొరపాటు పడలేదు.

మానేయడమంటే ఏంటి మానేయడం. కప్పుకి నలుచదరం బిళ్లలు బిగించారు, వాటి అంచులూ సమంగా లేవు, ఒద్దు, చూడొద్దు, ముప్పయ్యొక్కేళ్లు నేల చూసిన మనిషిని పట్టుకుని తిప్పి కప్పు చూడమంటే ఏం చూస్తాడు, కళ్లు మూసుకున్నాడు. మూసుకుంటే పెద్దమేస్త్రీ కనిపించాడు, అతనికి పని నేర్పినాయన, పోయి పన్నెండేళ్లు, బీడీ పెదవి చివర అంటించుకుని. మోకాలితో చూడరా, అనేవాడు. కళ్లు మోసం చేస్తాయి, వెలుతురు అటు నుంచి పడితే ఒకలా, ఇటు నుంచి పడితే ఒకలా, మోకాలు మోసం చెయ్యదు, పలక మీద మోకాలు ఆనించి బరువు మార్చు, అగ్గిపుల్ల మందం తేడా ఉన్నా చెబుతుంది. మొదట్లో అదంతా ముసలాడి చాదస్తం అనుకున్నాడు. నాలుగేళ్లకి ఒకరోజు ఎవరిదో వంటగదిలో పలక మీద ఎడమ మోకాలు పెట్టగానే ఏదో తేడాగా అనిపించి, ఎత్తి చూస్తే కింద ఒక మూల సిమెంటు అందలేదు. ఆ రోజు ఎంత సంతోషమేసిందో ఎవరికీ చెప్పుకోలేదు, చెబితే నవ్వుతారు. అప్పట్నుంచి ఎడమదే. కుడిది ఊరికే తోడు కూర్చునేది. ఇప్పుడు అరిగిందీ ఎడమదే, మరి అరగదా, ఇన్నేళ్లు చూసీ చూసీ. ఆ మోకాలు ఇక నేల మీద ఆనించకూడదు అంటే మరి దేనితో చూడాలి, నిలబడి పనివాళ్లకి చెప్పండి చాలు అంటారు కాబోలు, అందరూ అదే అంటారు. చెప్పడం వస్తే ఈ ఊఁలన్నీ ఎందుకు. మొన్న నొప్పి ఎక్కువైన రోజు అదీ చేసి చూశాడు, గుమ్మంలో కర్ర పట్టుకు నిలబడి నత్త చేత వేయించాడు, నత్తంటే అతనితోపాటు పాతికేళ్లుగా పనిచేసేవాడు, నిదానస్తుడు, అయినా చెయ్యి మంచిది. పైనుంచి చూస్తే అంతా బాగానే ఉంది. సాయంత్రం ఎవరూ లేనప్పుడు వంగి చేత్తో తడిమితే మూడు పలకలు లేచి ఉన్నాయి. నత్తని అనలేదు, తనని తాను అనుకున్నాడు.

అదీగాక, బాగుచేసి వాడొద్దంటే ఏంటి దానర్థం. వాడొద్దనుకుంటే బాగుచేయడం దేనికి. ఈ వైద్యం మాట వినగానే అతనికి అర్థమైంది ఇంతే, పగిలిన పలక తీసేసి అక్కడ కొత్తది వేస్తారు, సందు నింపుతారు, ఆరాక మామూలే. మూడు నెలలు ఆగితే మళ్లీ పనిలోకి. నత్తకి అదే చెప్పాడు, మనం మొదలెట్టిన ఆ రెండంతస్తుల ఇల్లుంది చూశావా, దాని పైఅంతస్తు నాకు ఉంచు అన్నాడు. నత్త సరేనన్నాడు. ఇప్పుడేమో వేస్తారట, వేసి దాని మీద నడవద్దంటారట. అయినా ఆ మాట తనూ చెబుతాడు కదా ఇంటివాళ్లకి, ఒక్క రోజు అడుగు పెట్టకండమ్మా పచ్చిగా ఉంది అని, వాళ్లూ ఊఁ అంటారు, మర్నాడొచ్చి చూస్తే మధ్యలో బకెట్టుంటుంది, పిల్లాడి కాలిముద్ర ఉంటుంది, అడిగితే కాసేపేగా అంటారు. ఎంత కోపమొచ్చేదో. ఒళ్లు మండి, ఊఁ అన్నారుగా మరి, అని గట్టిగానే అడిగేసేవాడు. అడిగేసేవాడా? అవును, అదే మాట. మేస్త్రీకి మంచం మీద ఎటూ కదలకుండానే సిగ్గేసింది.

పక్కగదిలో మిషను చప్పుడు మారింది, సన్నగా ఈల వేస్తున్నట్టుంది. అందులో తిరుగుతున్నది తను. తుంటిలో ఉన్న తను తీసేస్తే ఇక్కడ పడుకున్న తను ఎంత, అదో తిక్క లెక్క. ఆ కణాలకి ఏ పనీ రాదట, నర్సు చెప్పింది, ఎముకలో వేస్తే ఎముకవుతాయట, గుజ్జులో వేస్తే గుజ్జవుతాయట, చాలావరకు, అన్నీ కాకపోవచ్చు, కొందరిలో పట్టుకుంటాయి, కొందరిలో పట్టుకోవు. మరి ఫలానా పని చెయ్యాలని వాటికెవరు చెబుతారు తల్లీ అనడిగితే, చోటే చెబుతుంది బాబాయ్ అంది. చోటెలా చెబుతుంది? ముప్పయ్యొక్కేళ్ల బట్టి ఏ చోటూ అతనికేమీ చెప్పలేదు, అన్నీ అతనే దారం కట్టి, మట్టం పెట్టి, మోకాలానించి అడిగి తెలుసుకోవాల్సొచ్చింది. యాభై మూడేళ్లుగా తన ఒంట్లోనే ఏ పనీ నేర్చుకోకుండా కొందరు కూర్చుని ఉన్నారు, వాళ్లని ఇవాళ తీసుకెళ్లి కొత్తచోట పడేస్తే పని నేర్చేసుకుంటారట, తనని మాత్రం ఏ చోట పడేసినా నేల వేయడం తప్ప ఇంకోటి చేతకాదు. వాళ్లు నేర్చుకోగలిగితే తనూ నేర్చుకోవచ్చేమో, వాళ్లూ తనే కదా. లేదంటే వాళ్లు చాలా చిన్నవాళ్లు కాబట్టి నేర్చుకుంటారేమో. వాళ్ల వయసు కూడా యాభై మూడేనా, లేక ఇవాళ పుట్టారా. ఇది నర్సుని అడగాలి. అడిగితే నవ్వుతుంది.

కాదు, అడగాల్సింది అది కాదు. ఇంకోటుంది, ఇందాకట్నుంచీ పక్కనే నిలబడి ఉన్నట్టుంది, అతనే చూడటం లేదు. ఆ రోజు డాక్టరమ్మ గదిలో ఇద్దరు కూర్చున్నారు. రెండో కుర్చీలో ఆవిడ ఉంది. అతను నేల చూస్తున్నాడు, డాక్టరమ్మకి కొత్త, ఊఁ విని సరే అనుకుంది, బాగానే ఉంది. ఆవిడకేమైంది? మొహం చూడకుండా, మిషను చప్పుడులో, పక్కగది నుంచి కూడా ఏ ఊఁ ఏదో చెప్పే మనిషి, అరచేతి దూరంలో కూర్చుని ఆ ఊఁ వింది. సాగింది, ముక్కులోకి పోయింది, పోయే ఉంటుంది. ఆగండి డాక్టరమ్మా, ఈయన వినలేదు, మళ్లీ చెప్పండి, అనాలి కదా. అనలేదు. ఆ తర్వాత నెలరోజుల్లో ఒక్కసారి కూడా పని మాట ఎత్తలేదు. ఆవిడ కుట్టుకుంటూ కూనిరాగాలు తీస్తుంటే, మొగుడు మళ్లీ పనిలోకి వెళ్తాడని సంతోషం కాబోలు అనుకున్నాడు. మోకాళ్లకి కట్టుకునే మెత్తలు పోయినవారం ఎంత వెతికినా దొరకలేదు. అడిగితే ఎక్కడికి పోతాయిలే అంది.

తలుపు తోసుకుని ఆవిడే వచ్చింది, ఐదు నిమిషాలు కూర్చోమన్నారు అంటూ. మంచం పక్కన స్టూలు లాక్కుని, అతని పాదాల మీద దుప్పటి సర్దింది.

"మెత్తలేం చేశావ్?" అన్నాడు.

"ఇచ్చేశా."

"ఎవరికి?"

"నత్తకి."

అంటే నత్తకీ తెలుసు. పైఅంతస్తు ఉంచుతాను అని ఎంత మామూలుగా అన్నాడు. మేస్త్రీకి కోపం రావాలి, వస్తుందేమోనని చూశాడు, వచ్చినట్టే వచ్చి ఎక్కడో తడబడింది. "ఆ రోజు నేను వినలేదే," అన్నాడు మెల్లిగా.

"తెలుసు."

"తెలిసి ఊరుకున్నావా?"

ఆవిడ దుప్పటి అంచు మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది. "ఏం చెయ్యమంటావయ్యా, వింటే ఒప్పుకునేవాడివా నువ్వు? స్నానాల గదిలో కొళాయి విప్పుకుని నొప్పికి ఏడుస్తావు. ఎవరికీ వినబడదనుకుంటావు. రెండేళ్లుగా నేను తువ్వాలు పట్టుకుని తలుపవతల నిలబడే ఉన్నాను. నువ్వు బయటికొచ్చి, నీళ్లు చల్లగా ఉన్నాయి అంటావు. నేనూ ఊఁ అంటాను." "మోసమే చేశాను. తిట్టు కావాలంటే."

కొళాయి శబ్దంలో వినబడదని అంత గట్టిగా నమ్మాడు, ఎంత పెద్దగా తిప్పేవాడో, బకెట్టు నిండి పొర్లిపోయేది. ఇరవయ్యారేళ్లుగా తను అన్న ఊఁలన్నీ ఆవిడ లెక్కబెట్టిందని ముచ్చటగా చెప్పుకునేవాడే గానీ, ఆవిడ అన్నవాటిలో ఏది ఏదో తను ఒక్కసారీ పట్టుకోలేదు. నీళ్లు చల్లగా ఉన్నాయి అంటే ఊఁ అన్నది, అది ఏ ఊఁ? ఆవిడంటే జాలి, కోపం, ఇంకేదో కూడా, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి దేన్ని ముందు పట్టుకోవాలో తెలియక ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ల చివర్లు సూది గుచ్చుకుని గరుకుగా ఉన్నాయి.

ఈల ఆగింది. తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ, వెనక ట్రేతో నర్సు. ట్రేలో సిరంజి, అందులో ఎర్రగా, చిక్కగా, రెండు చెంచాలుంటుందేమో. ఇంతేనా నేను, అనుకున్నాడు.

"మేస్త్రీగారూ, కాగితం మీదున్నా సరే, మీ నోటితో ఒకసారి చెప్పండి," అంది డాక్టరమ్మ, చేతులకి తొడుగులు వేసుకుంటూ. "ఇది పట్టుకుంటుందని నేను మాటివ్వలేను. కానీ ఆ మోకాలు మళ్లీ నేలకి ఆనించి పనిచేస్తే మాత్రం పట్టుకున్నది కూడా పోతుంది, ఉన్న కాస్తా అరుగుతుంది. అలాగైతే వేయకపోవడమే నయం. మానేస్తారు కదా?"

"ఆ రోజు మీరు చెప్పింది నేను వినలేదమ్మా," అన్నాడు.

డాక్టరమ్మ చెయ్యి తొడుగులో సగంలో ఆగింది. "ఊఁ అన్నారుగా?"

"అది వేరే ఊఁ అండీ," అంది ఆవిడ, తలొంచుకుని.

నర్సు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి మానుకుంది. డాక్టరమ్మ ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. "ఇప్పుడు విన్నారా మరి?"

విన్నాడు. ఒక్క ముక్క పోకుండా విన్నాడు. "అవి ఆగుతాయా అమ్మా, ఒక వారం? ఆలోచించుకుని వస్తాను."

"ఆగవు. ఇప్పుడు వేయాలి, లేదా పారేయాలి."

పారేయాలి. తుంటిలోంచి అంత లాగుడు లాగి తీసిన తనని, ఏ పనీ నేర్వకుండా ఇన్నేళ్లు మూలన కూర్చున్న ఆ పిచ్చివాళ్లని, చెత్తబుట్టలో. సరే, వేయించుకుంటే? వచ్చే ఏడాది ఈ వేళకి ఏం చేస్తుంటాడు, ఎవరి గుమ్మంలో నిలబడి ఉంటాడు, కాలికింద లేచిన పలక ఉంటే ఎలా తెలుస్తుంది, తెలిసినా వంగకుండా ఉండగలడా, ఎవరూ చూడటం లేదు కదా కాసేపేగా అని ఎడమ మోకాలు దానంతటదే ముందుకి పోదా. వద్దంటే? మళ్లీ కొళాయి. మళ్లీ ఆవిడ తలుపవతల. అటొకసారి ఇటొకసారి బరువు మార్చి చూశాడు, ఎటు ఆనించినా డొల్లగానే ఉంది. ఆవిడ చెయ్యి తన చేతిలో చల్లగా ఉంది, లాక్కోవడం లేదు, నొక్కడమూ లేదు.

"మానేస్తాను," అన్నాడు.

పొట్టిగానే వచ్చింది. సాగలేదు, ముక్కులోకి పోలేదు. ఊఁ కాదు కదా, పూర్తి మాట, అయినా చెవికి తన గొంతులా లేదు. నిజంగానే అన్నాడా, ఆ ఎర్రటి నీళ్లు చెత్తబుట్టలో పడతాయని అన్నాడా, ఆవిడ కోసమా, ఊరికే అందరూ ఎదురుచూస్తున్నారనా. డాక్టరమ్మ సరేనని తలూపి మోకాలి మీదికి వంగింది. నర్సు దూదితో చల్లగా తుడిచింది. మేస్త్రీ తలతిప్పి ఆవిడకేసి చూశాడు, ఈవిడకి తెలుస్తుంది, ఎప్పుడూ తెలుస్తుంది. ఆవిడ అప్పటికే అతని మొహంలోకే చూస్తోంది, కళ్లు చిట్లించి, చిన్న అక్షరాలు చదువుతున్నట్టు.

"నిజమేనా అది?" అనడిగాడు ఆవిడని.

ఆవిడ స్టూలు మీంచి ఇంకాస్త ముందుకి వంగి చూసింది.

"తెలీట్లేదయ్యా," అంది.

సూది దిగింది.